ఇల్లు అలకగానే పండుగ కాదు

ఆన్‌లైన్ సేవల ప్రారంభార్భాటం: ఒక పరిశీలన

2016 ఫిబ్రవరి మూడో వారంలో దేశంలోని పలు దినపత్రికల్లో మొదటి పేజీ నిండా ఒక ప్రకటన వెలువడింది. నాలుగు అంగుళాల తెర, 1.3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, ఒక గిగాబైట్ ర్యామ్, ఎనిమిది గిగాబైట్ల నిల్వ, ముందొకటి వెనకొకటి కెమెరాలు. ఇన్ని హంగులున్న స్మార్ట్‌ఫోన్ వెల అక్షరాలా రెండువందల యాభై ఒక్క రూపాయలు! ఆ ఫోను పేరు ఫ్రీడమ్ 251. దాన్ని ప్రకటించిన సంస్థ రింగింగ్ బెల్స్. ఘాజియాబాద్‌ను ఆనుకొని ఉన్న నోయిడాలో దాని కార్యాలయం. అప్పటికి ఆ సంస్థ పుట్టి ఆరు నెలలైనా కాలేదు.

ఈ ఫోను దుకాణాల్లో దొరకదు. సంస్థ వెబ్‌సైటులో బుక్ చేసుకోవాలి. ఫిబ్రవరి 18 ఉదయం 6 గంటలకు బుకింగ్ మొదలవుతుందనీ, 21 రాత్రి 8 గంటలకు ముగుస్తుందనీ, జూన్ 30లోగా ఫోన్లు ఇళ్లకు చేరతాయనీ ప్రకటించారు. 18వ తేదీ ఉదయం లక్షలాది మంది కంప్యూటర్ల ముందు, ఫోన్ల ముందు కూర్చున్నారు. చాలామందికి వెబ్‌సైటు తెరుచుకోనే లేదు. కొద్ది గంటలకే సంస్థ ఒక ప్రకటన చేసింది. సెకనుకు ఆరు లక్షల హిట్లు వస్తున్నాయనీ, అందువల్ల 24 గంటలపాటు బుకింగ్ ఆపుతున్నామనీ దాని సారాంశం.

ఈ ప్రకటనను చాలామంది ఎలా అర్థం చేసుకున్నారో గమనించండి. ఒక యంత్రం పని చేయలేదన్న వార్త అది. కానీ అది ‘చూశారా, ఎంత గిరాకీయో!’ అన్న గొప్పగా చెలామణి అయింది. వైఫల్యం కూడా ప్రచారంగా మారిపోయింది. మన పరిశీలన ఇక్కడి నుంచే మొదలుపెడదాం. కొత్త ఆన్‌లైన్ సేవను ప్రారంభించేటప్పుడు చేసే అతి ప్రచారం అభిరుచికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. అది ఆ సేవ ఇంజనీరింగునే దెబ్బ తీస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ సేవ పని చేస్తోందో లేదో తెలుసుకునే కొలబద్దనే మన చేతిలోంచి లాగేసుకుంటుంది.

ఆరు లక్షలంటే ఎంత?

మొదట ఆ అంకెనే పరీక్షిద్దాం. దీనికి కాగితం, పెన్సిలు చాలు.

సెకనుకు ఆరు లక్షలంటే నిమిషానికి మూడు కోట్ల అరవై లక్షలు. గంటకు 216 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశ జనాభా 121 కోట్లు. ఒక్కో హిట్టును ఒక్కో మనిషిగా లెక్కిస్తే, చంకబిడ్డలతో సహా దేశమంతా 34 నిమిషాల్లో ఆ వెబ్‌సైటుకు వచ్చి వెళ్లి ఉండాలి! అది అసంభవం కనుక, హిట్టు అంటే మనిషి కాదన్నమాట.

మరి హిట్టు అంటే ఏమిటి? మీరు ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు మీ కంప్యూటరు సర్వర్‌ను ఒక్కసారి అడిగి ఊరుకోదు. పేజీలోని రాతకు ఒకసారి, సంస్థ చిహ్నానికి ఒకసారి, ప్రతి బొమ్మకూ ఒక్కోసారి, అక్షరాల అలంకరణకు మరోసారి విడివిడిగా అడుగుతుంది. అలా అడిగిన ప్రతిసారీ ఒక హిట్టు. ఉదాహరణకు పేజీలో 50 అంశాలు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆరు లక్షల హిట్లు 12 వేల పేజీలకు సమానం. పేజీ తెరుచుకోక ఒక్కొక్కరూ పదేసి సార్లు మళ్లీ మళ్లీ నొక్కారనుకుంటే, మనుషులు 1,200 మందే. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. కానీ ఒక సంగతి స్పష్టం. వెబ్‌సైటు ఎంత అధ్వానంగా పనిచేస్తే జనం అన్నిసార్లు నొక్కుతారు. అన్ని హిట్లు పెరుగుతాయి. అంటే హిట్ల సంఖ్య ఆదరణతో పాటు అసమర్థతను కూడా కొలుస్తుంది. ఈ రెండింటినీ విడదీయకుండా అంకెను గొప్పగా చెప్పుకోవటం శాస్త్రీయం కాదు.

వరుసలో నిలబడే శాస్త్రం

అతి ప్రచారం వల్ల సర్వర్లు ఎందుకు కూలిపోతాయో తెలియాలంటే వంద సంవత్సరాలు వెనక్కి వెళ్లాలి. డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఒకేసారి ఎన్ని ఫోన్ కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలన్న ప్రశ్నపై 1909లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. నేటి క్యూ సిద్ధాంతానికి పునాది అదే. రైల్వే కౌంటరుకైనా, ఆస్పత్రి చీటీల కిటికీకైనా, ఇంటర్నెట్ సర్వర్‌కైనా ఆ లెక్కలే వర్తిస్తాయి.

అందులో అతి సరళమైన సూత్రాన్ని చూడండి. ఒక సర్వర్ సెకనుకు సగటున 100 మంది పని చేసిపెట్టగలదనుకుందాం. జనం ఒక పద్ధతి లేకుండా, ఎవరికి తోచినప్పుడు వారు వస్తుంటారు. అప్పుడు ఒక్కొక్కరికి పట్టే సగటు సమయం తెలుసుకోవాలంటే, సామర్థ్యం నుంచి రాకను తీసివేసి, ఒకటిని దానితో భాగించాలి. సెకనుకు 50 మంది వస్తే సమయం 0.02 సెకను. 90 మంది వస్తే 0.1 సెకను. 99 మంది వస్తే ఒక పూర్తి సెకను. వచ్చేవారు రెట్టింపు కూడా కాలేదు, పట్టే సమయం మాత్రం 50 రెట్లు పెరిగింది! ఇక 100 దాటితే సూత్రమే చేతులెత్తేస్తుంది. వరుస తరగటమంటూ ఉండదు, పెరుగుతూనే పోతుంది. సెకనుకు వెయ్యి మంది వస్తే ఒక్క నిమిషంలో 54 వేలమంది బయట మిగిలిపోతారు.

ప్రచారం చేసే అసలు హాని ఇక్కడుంది. అది జనాన్ని ఎక్కువమందిని తేవటమే కాదు, అందరినీ ఒకే క్షణాన తెస్తుంది. నెల రోజుల్లో నిదానంగా రావలసిన జనం ‘ఉదయం ఆరు గంటలకు’ అన్న ఒక్క మాటతో ఒక్క ఉదయమే గుమ్మం దగ్గర తోసుకుంటారు. పైగా అది ఏ వ్యవస్థకైనా బాలారిష్టాల సమయం. ఏ భాగం ఎక్కడ మొరాయిస్తుందో కట్టినవారికే తెలియని దశ. అత్యధిక భారం మోయవలసిన రోజూ, అత్యల్ప అనుభవం ఉన్న రోజూ ఒకటే కావటం ఏ యంత్రానికైనా ప్రమాదం. కొత్త వంతెనపై మొదట బరువు లారీలు నిలిపి పరీక్షిస్తారే కాని, జాతర జనాన్ని పంపి పరీక్షించరు కదా!

తలుపు వెనక ఏముంది?

అయితే, సర్వర్ కూలిపోయిన ప్రతి సేవా బూటకమని అనుకోకూడదు. అలా అనుకోవటం కూడా తొందరపాటే. రెండు ఉదాహరణలు చూడండి.

అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటును 2013 అక్టోబరు 1న ప్రారంభించింది. ఒకేసారి 50, 60 వేలమంది వస్తారని అంచనా వేస్తే రెండున్నర లక్షల మంది వచ్చారని అధికారులు చెప్పారు. మొదటి రోజు బీమా నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు! ఆరు వేలు కాదు, ఆరుగురే. మన దేశంలో 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 నుంచి 44 ఏళ్ల వారికి కోవిడ్ టీకా నమోదు మొదలైనప్పుడు కోవిన్ కూడా మొదట తడబడింది. కానీ ఈ రెండింటి వెనకా ఇవ్వటానికి నిజమైన వస్తువు ఉంది. అమెరికా వెబ్‌సైటును రెండు నెలల్లో బాగుచేశారు. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాలు సొంతంగా నడిపిన వెబ్‌సైట్లతో కలిపి, 80 లక్షల మంది నమోదు చేసుకున్నారు. కోవిన్‌లో 2022 జులై 17 నాటికి 200 కోట్ల డోసులు నమోదయ్యాయి.

కోవిన్ విషయంలో మరో పాఠం కూడా ఉంది. మొదటి రోజే కోటీ ముప్ఫై లక్షలకు పైగా నమోదు చేసుకున్నారన్న వార్త ప్రముఖంగా వచ్చింది. కానీ ఆ తరువాత కొన్ని వారాలపాటు అనేక రాష్ట్రాల్లో ఆ వయసువారికి సరిపడా టీకాలు లేవు. నమోదు వేరు, టీకా వేరు. మొదటిది కంప్యూటర్‌లో జరుగుతుంది, రెండవది భుజం మీద జరుగుతుంది.

ఇప్పుడు ఫ్రీడమ్ 251 తలుపు వెనక చూద్దాం. అటువంటి ఫోనులోని విడిభాగాలను అతి చవకగా సేకరించినా సుమారు 2,700 రూపాయలవుతాయని మొబైల్ తయారీదారుల సంఘం అప్పుడే కేంద్ర టెలికాం మంత్రికి రాసింది. 251కి అమ్మితే ఫోనుకు 2,449 రూపాయల నష్టం. మొదటి విడత ఇస్తామన్న 25 లక్షల ఫోన్లకు లెక్క కడితే 612 కోట్ల రూపాయలు దాటుతుంది. ఏడు కోట్లకు పైగా నమోదులు వచ్చాయని సంస్థ చెప్పుకొంది. అందరికీ ఇవ్వాలంటే 17 వేల కోట్ల పైమాటే. ఈ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ప్రకటనలో జవాబు లేదు. విలేకరులకు చూపిన నమూనా ఫోన్లపై మరో కంపెనీ పేరును తెల్లరంగుతో కప్పిన సంగతి కూడా పత్రికల్లో బయటపడింది.

చివరకు ఏం జరిగింది? డబ్బు కట్టిన సుమారు 30 వేలమందికి తిరిగి ఇచ్చివేశామనీ, ఇకపై ఫోను చేతికందాకే డబ్బు తీసుకుంటామనీ సంస్థ చెప్పింది. 2016 జులైలో మొదటి విడతగా పంపుతామన్నవి ఐదువేల ఫోన్లు. ఏడు కోట్ల నమోదుల్లో ఐదు వేలంటే 14 వేలమందిలో ఒకరికి.

ఇంతటితో కథ ముగిసి ఉంటే, ఆశపడ్డవారు నిరాశపడ్డారని సరిపెట్టుకోవచ్చు. కానీ 2017 ఫిబ్రవరిలో ఇది ఘాజియాబాద్ పోలీసుల దాకా వెళ్లింది. ఆ ఊరి వ్యాపార సంస్థ ఒకటి ఫోన్ల పంపిణీ హక్కు కోసం డబ్బు కట్టిందనీ, సరుకు సరిగా అందలేదనీ, తనకు దాదాపు 16 లక్షల రూపాయలు రావాలనీ ఫిర్యాదు చేసింది. పోలీసులు రింగింగ్ బెల్స్ డైరెక్టరును అరెస్టు చేశారు. ఫిర్యాదు వేరు, తీర్పు వేరు. నేరం జరిగిందో లేదో తేల్చవలసింది న్యాయస్థానం. మనకు కావలసిన పాఠం మరొకటి. ప్రచారపు హోరు బుకింగ్ చేసే విద్యార్థిని మాత్రమే లాగదు. పెట్టుబడి పెట్టే చిన్న వ్యాపారినీ లాగుతుంది. మొదటివాడు పోగొట్టుకునేది 291 రూపాయలు, అంటే ఫోను ధరా రవాణాకు 40 రూపాయలూ. రెండవవాడు పోగొట్టుకునేది లక్షలు.

తిరుపతి సభ, నిశ్శబ్దంగా సాగిన పని

ఇలాంటివి ప్రైవేటు వ్యాపారుల దగ్గరే జరుగుతాయనుకుంటే పొరపాటు. మన తెలుగునేల మీదే, మీ వంటి విద్యార్థుల పేరుతోనే ఒకటి జరిగింది.

సమాచార సాంకేతికత ద్వారా ఉన్నత విద్యను అందరికీ చేర్చే జాతీయ మిషన్‌ను కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభించింది. సభకు ముందే ‘పది డాలర్ల లాప్‌టాప్’ రాబోతోందన్న వార్త దేశవిదేశాల్లో మారుమోగింది. అప్పటి మారకం ప్రకారం అది దాదాపు 500 రూపాయలు. తీరా సభలో చూపినది లాప్‌టాప్ కాదు, పాఠ్యసామగ్రిని దాచుకునే ఒక చిన్న పరికరం. ప్రపంచ పత్రికలు ఎగతాళి చేశాయి. తరువాత 2011 అక్టోబరు 5న ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది. దాన్ని కూర్చినది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అని కీర్తించారు. కానీ 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, గట్టిగా నొక్కితేకాని పలకని తెర, త్వరగా దిగిపోయే బ్యాటరీ వాడినవారిని విసిగించాయి.

ఇప్పుడు దీని పక్కన మరో పనిని పెట్టి చూడండి. ఐఐటీలు, బెంగుళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే పథకం చేపట్టాయి. అధ్యాపకులు తరగతిలో చెప్పే పాఠాలను చిత్రీకరించి ఉచితంగా అందించటమే దాని పని. తిరుపతిలో ప్రారంభమైన మిషన్ నిధులతోనే అది తరువాత విస్తరించింది. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు కూడా ఇస్తోంది. నేడు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎన్‌పీటెల్ పేరు వినని విద్యార్థి అరుదు. ఒకే మిషన్ నీడలో రెండు పనులు సాగాయి. హోరెత్తినది జ్ఞాపకాల్లో వెక్కిరింతగా మిగిలింది. చప్పుడు లేనిది చదువుగా మిగిలింది.

అతి ప్రచారం చేసే అన్యాయాల్లో ఇదొకటి. అది తన వస్తువునే కాక, పక్కనున్న మంచి పనిని కూడా కనబడకుండా చేస్తుంది. పది డాలర్ల లాప్‌టాప్ గురించి రాసిన పత్రికల్లో, ఆ వారం మిషన్ అసలు ఉద్దేశం గురించి రాసినవెన్ని? ‘చవక’ అన్న మాట ఒకసారి నవ్వులపాలైతే, నిజంగా చవకగా, నాణ్యంగా చేసి తెచ్చే మరో ఇంజనీరును కూడా జనం నమ్మరు.

చిన్నగా మొదలైనవి

నెమ్మదిగా మొదలుపెట్టటం చేతకానితనం కాదు. అది ఒక పద్ధతి.

కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తిపన్ను ఒకే చోట కట్టే సౌకర్యాన్ని హైదరాబాద్‌లో 1999 డిసెంబరులో ట్విన్స్ పేరుతో ప్రయోగాత్మకంగా బంజారాహిల్స్‌లో మొదలుపెట్టారు. అక్కడి అనుభవంతో 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించారు. రైల్వే టికెట్లను ఇంటర్నెట్‌లో అమ్మటం 2002 ఆగస్టు 3న మొదలైంది. మొదటి రోజు అమ్ముడైన టికెట్లు ముప్ఫైలోపే. అప్పట్లో టికెట్టు కొరియర్‌లో ఇంటికి వచ్చేది. 2005లో ఈ-టికెట్ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో కొత్త వ్యవస్థ పెట్టి, నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచారు. తత్కాల్ వేళ దానితో కుస్తీ పట్టినవారు దాన్ని తిట్టుకోకపోరు. అయినా అది నిలబడింది. ముప్ఫై టికెట్ల రోజున బయటపడ్డ లోపం ముప్ఫై మందినే బాధిస్తుంది. దాన్ని సరిదిద్ది ముందుకు సాగవచ్చు.

అసలు రద్దీయే పుట్టకుండా చేసే ఉపాయం కూడా ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశాల వెబ్ కౌన్సెలింగు మీలో చాలామందికి పరిచయమే. అక్కడ కళాశాలల ఐచ్ఛికాలు ఇవ్వటానికి కొన్ని రోజుల గడువు ఉంటుంది. మొదటి నిమిషంలో ఇచ్చినా, చివరి రోజు మధ్యాహ్నం ఇచ్చినా సీటు వచ్చేది ర్యాంకును బట్టే. ముందు వచ్చినంత మాత్రాన లాభం లేదు కనుక తొక్కిసలాట తగ్గుతుంది. తిరుమలలో సర్వదర్శనానికి వేళ నిర్ణయించి టోకెన్లు ఇవ్వటంలోని సూత్రం కూడా దీనికి దగ్గరిదే. జనాన్ని తగ్గించలేకపోయినా, వారి రాకను గంటల మీద పరచవచ్చు.

‘ముందు వచ్చినవారికే’ అనే పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అది న్యాయం కాదు. కూలుతున్న సర్వర్ ముందు నెగ్గేది ముందు వచ్చినవాడు కాదు, వేగమైన కనెక్షన్ ఉన్నవాడు. నగరంలో ఫైబర్ కనెక్షన్ ఉన్న విద్యార్థికీ, మండల కేంద్రంలో ఇంటర్నెట్ సెంటరు ముందు నిలబడ్డ విద్యార్థికీ అది పందెమే కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, హాల్‌టికెట్టు అన్నీ తెరమీదికి వచ్చిన ఈ రోజుల్లో ఇది ఫోను కొనుక్కునే ముచ్చట కాదు, మీ చదువుకు సంబంధించిన విషయం.

ప్రచారం చేయకపోతే ఎలా?

మీలో ఒకరు ఇలా అడగవచ్చు: ‘మంచి సేవ వచ్చిందని చెప్పకపోతే జనానికి ఎలా తెలుస్తుంది? హోరెత్తించి నెగ్గినవారు లేరా?’

ఉన్నారు. ఫ్రీడమ్ 251 వచ్చిన 2016లోనే, సెప్టెంబరు 5న జియో ప్రజల ముందుకు వచ్చింది. దాని ప్రచారం తక్కువేమీ కాదు. 170 రోజుల్లో పది కోట్ల మంది చేరారని సంస్థ 2017 ఫిబ్రవరిలో ప్రకటించింది. అయితే ఒక తేడా గమనించండి. దేశమంతటా టవర్లు, కేబుళ్లు ముందే వేశారు. 2015 డిసెంబరు 27 నుంచే తమ ఉద్యోగులకు ఇచ్చి నెలల తరబడి పరీక్షించారు. అంత చేసినా మొదటి వారాల్లో ఇతర కంపెనీల ఫోన్లకు చేసిన కాల్స్ లెక్కలేనన్ని కలవలేదు. నెట్‌వర్కుల మధ్య అనుసంధానం చాలలేదు. దోషం ఎవరిదన్న వివాదం టెలికాం నియంత్రణ సంస్థ దాకా వెళ్లింది. అంత సన్నాహంతో వచ్చినవారికే ఇలా జరిగితే, సన్నాహం లేనివారి మాట చెప్పనక్కరలేదు.

సన్నాహం ఉన్నా సరుకు నాసిరకమైతే ప్రచారమే శత్రువవుతుంది. గూగుల్‌లో పనిచేసి బయటకు వచ్చిన నిపుణులు 2008 జులై 28న కూల్ అనే సెర్చ్ ఇంజిన్‌ను తెచ్చారు. 12 వేల కోట్ల పేజీలను సూచికలో చేర్చామనీ, అందరికన్నా తమదే పెద్దదనీ చెప్పారు. మొదటి రోజు వెల్లువకు సర్వర్లు ఆగలేదు. తెరుచుకున్నప్పుడు వచ్చిన ఫలితాలకు అడిగినదానితో పొంతన లేదు. ఎన్ని పేజీలున్నాయన్నది కాదు, వెతికినది దొరికిందా అన్నదే ముఖ్యమని వాడినవారు ఒక్క రోజులో తేల్చేశారు. తరువాత బాగుచేసినా చూడటానికి జనం మళ్లీ రాలేదు. 2010 సెప్టెంబరులో అది మూతపడింది. మొదటి పరిచయం ఒక్కసారే జరుగుతుంది. ప్రచారం ఆ ఒక్క అవకాశాన్ని తెల్లవారేసరికి ఖర్చు చేసేస్తుంది.

కనుక వివాదం ప్రచారం ఉండాలా, వద్దా అని కాదు. ప్రచారం పనికి ముందు నడవాలా, వెనక నడవాలా అన్నదే ప్రశ్న. ముందు నడిస్తే మధ్యలో ఏర్పడే ఖాళీలో మోసగాళ్లు దూరతారు. కోవిన్ ఇంకా ప్రజలకు అందుబాటులోకి రాకముందే, 2021 జనవరిలో, అదే పేరుతో నకిలీ యాప్‌లు వెలిశాయి. వాటిని దించుకోవద్దనీ, వివరాలు ఇవ్వద్దనీ కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించవలసి వచ్చింది.

చట్టం, మన బాధ్యత

ఇప్పుడు చట్టం కొంత తోడుగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఏర్పడిన కేంద్ర సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనలపై నియమావళి జారీ చేసింది. అందులో ‘ఎర ప్రకటన’ గురించి ప్రత్యేకంగా ఉంది. ప్రకటించిన ధరకు, ప్రకటన వల్ల వచ్చే గిరాకీకి తగినంత సరుకు ఇవ్వగలమన్న సహేతుకమైన ఆధారం లేకుండా వినియోగదారుడికి ఎర వేయరాదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

కానీ చట్టం సాధారణంగా సంఘటన జరిగాక వస్తుంది. లెక్క మాత్రం ముందే వేయవచ్చు. ఇకపై ఏ కొత్త యాప్, పోర్టల్, ఆన్‌లైన్ కోర్సు, కృత్రిమ మేధ సేవ గురించి ఆర్భాటంగా విన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. చెప్పిన అంకె దేన్ని కొలుస్తోంది? తలుపు తట్టినవారినా, పని పూర్తయి వెళ్లినవారినా? ఆ ధరకు ఇవ్వాలంటే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఇంతకు ముందు ఎక్కడ, ఎంతమందితో, ఎన్నాళ్లు పరీక్షించారు? పని చేయకపోతే నా డబ్బు, నా వివరాలు ఎలా తిరిగి వస్తాయి? ఈ నాలుగింటికీ ప్రకటనలో జవాబు లేకపోతే, కొన్నాళ్లు ఆగటం వల్ల మీకు పోయేదేమీ ఉండదు.

మీలో కొందరు రేపు ఇలాంటి సేవలను నిర్మించే ఇంజనీర్లవుతారు. ప్రారంభ తేదీ నిర్ణయించిన తరువాత, వ్యవస్థ సిద్ధంగా లేదని సమావేశంలో చెప్పవలసిన రోజు మీకూ వస్తుంది. ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయనీ, మంత్రిగారు వస్తున్నారనీ, పత్రికల్లో పేజీలు కొన్నామనీ అవతలివారు అంటారు. అప్పుడు ఎర్లాంగ్ లెక్కను బల్లమీద పెట్టండి. వంద మంది పట్టే గదిలోకి వెయ్యిమందిని పిలవటానికి ఏ ఆహ్వానపత్రానికీ హక్కు లేదు. ఇల్లు అలకటం అవసరమే. పండుగ మాత్రం పొయ్యిమీద వంట ఉన్నప్పుడే.